చెంప మీది రంగు

నేను ఒక కత్తిని. భయపడకండి, నాకు పదును లేదు. పీకలు కోసే జాతి కాదు మాది. పలక మీద రంగులు కలపడం, కాన్వాసు మీద నచ్చని రంగును గీకి పారేయడం, ఇంతే నా ఉద్యోగం. అయినా నేను చూసినన్ని దెబ్బలు వేటకత్తి కూడా చూసి ఉండదు.

నా పుట్టుకే దెబ్బలతో. కాకినాడ జగన్నాథపురంలో ఒక కమ్మరి, కలప అడితిలో విరిగిన రంపం ముక్కను కొలిమిలో కాల్చి, చావగొట్టి నన్ను చేశాడు. చేయించుకున్నది చిత్రకారులు సోమేశ్వరం గారు. నన్ను వేలితో వంచి చూసి, "వంగుతోంది, విరగట్లేదు. నాకిదే కావాలి" అన్నారు. ఇంటావిడ విషయంలోనూ ఆయనకు అదే లెక్కని తరవాత తెలిసింది.

సోమేశ్వరం గారిది ఒకటే పట్టు. కళ్లెదుట ఉన్నదే వేయాలి, ఉన్నది ఉన్నట్టే వేయాలి. ఊహించి వేసేవాడు దొంగ అనేవారు. చేపల బుట్ట వేస్తానని పండుగప్పలు తెచ్చి, బొమ్మ పూర్తయ్యేదాకా ఇంట్లోనే కుళ్లబెట్టారు. వీధి వీధంతా ముక్కు మూసుకుని తిట్టింది. చచ్చే కోడిని వేయాలనిపిస్తే, బతికున్న పుంజును తెచ్చి గొంతు సగం కోసి, అది గిలగిల్లాడుతుంటే కుంచె పట్టారు. గోడ నిండా నెత్తురు. ఆయన భార్య మాణిక్యాంబ గారు నీళ్లు పోసి కడిగారు. చూసినవాళ్లంతా బొమ్మలో ప్రాణం ఉందన్నారు. ఉండదూ మరి, కోడి దగ్గర లాక్కున్నదే కదా!

ఒక ఏడు హైదరాబాదులో పెద్ద ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, ఈయన "తాగుబోతు పెళ్లాం" అనే బొమ్మ తలపెట్టారు. తాను కల్లు చుక్క ఎరగరు. కాఫీ కూడా పలచగా తాగే మనిషి. మాణిక్యాంబ గారిని పీట మీద కూర్చోబెట్టి మొదలెట్టారు. చీర కుదిరింది, చేతులు కుదిరాయి. చెంప మీద దెబ్బ మాత్రం కుదరలేదు. నీలం పెట్టారు, ఎరుపు పెట్టారు, ప్రతిసారీ నన్ను అందుకుని బరబరా గీకేశారు. "అబద్ధం, అంతా అబద్ధం" అని పళ్లు కొరికారు.

ఆ తరవాత లేచి వెళ్లి, ఆవిడ చెంప మీద పిడికిలితో గుద్దారు.

కోపంతో కాదు. నాకు ఒళ్లు మండేది అందుకే. కోపంతో కొట్టినవాడు కాసేపటికైనా తల దించుకుంటాడు. ఈయన ఆవిడ గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పి, "కదలకు మాణిక్యం, వెలుతురు పోతుంది" అన్నారు. ఆవిడ నోట్లోంచి నెత్తురు కారి రవిక తడిసింది. దాన్ని కూడా వేశారు, ఎంతో శ్రద్ధగా.

అయితే మనుషుల ఒంటికి ఒక గుణం ఉంది, మానుతుంది. కమిలిన చోటు నల్లబడి, ఆకుపచ్చగా మారి, పసుపుపచ్చకు తిరిగింది. బొమ్మలో కంటి కింద వేయాల్సింది ఇంకా కొంత మిగిలే ఉంది. ఆయన చెంప వంక చూశారు, బొమ్మ వంక చూశారు. "రంగు పోయిందే" అని దిగులు పడ్డారు. కుంచె కింద పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచారు.

మాణిక్యాంబ గారికి అర్థమైంది. లేచి నన్ను పట్టుకున్నారు. పొడుస్తుందేమోనని ఆయన గుమ్మం దాకా వెనక్కి నడిచారు, పాపం. ఆవిడ ఆయన వంకైనా చూడలేదు. బొమ్మ దగ్గరికెళ్లి, నుదుటి నుంచి గడ్డం దాకా నన్ను ఈడ్చారు. పచ్చి రంగు ముద్దలు ముద్దలుగా జారింది. కన్ను పోయింది, ముక్కు పోయింది, చెంప పోయింది. కాన్వాసు చిరిగేదాకా గీకారు.

"మాణిక్యం, నా ప్రాణం తీసేస్తున్నావే" అన్నారాయన ఏడుపు గొంతుతో.

"మీ ప్రాణం కాదండి, నా మొహం. పదిమందిలో వేలాడదీయడానికి నేనివ్వలేదండి" అన్నారావిడ. నన్ను కింద పడేసి, కట్టుబట్టలతో సామర్లకోట అన్నగారింటికి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

గడువు ముంచుకొచ్చింది, చేతిలో వేరే బొమ్మ లేదు. సోమేశ్వరం గారు మొహం లేని ఆ బొమ్మనే హైదరాబాదు పంపారు. పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. మొహమే తుడిచేశాడు, ఆ గీతల్లో ఎంత కసి, ఎంత ధైర్యం అని పొగిడి బంగారు పతకం మెడలో వేశారు. ఈయన కాదనలేదు. ఉన్నది ఉన్నట్టు అనే నియమం కుంచెకే గాని నోటికి కాదు కాబోలు.

ఆయన పోయాక మమ్మల్ని మ్యూజియంలో పెట్టారు. బొమ్మ గోడకు, నేను దాని కింద గాజుపెట్టెలో. నా పక్కన "మహాచిత్రకారుని ఆయుధం" అని చీటీ.

మొన్న వానాకాలంలో మాణిక్యాంబ గారు వచ్చారు. జుట్టు తెల్లబడింది గాని ఇట్టే గుర్తుపట్టాను. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, ఆ చిరుగు మీద చెయ్యి వేశారు. కాపలా అతను పరుగున వచ్చాడు.

"ముట్టుకోకూడదండి మామ్మగారూ. చాలా గొప్పాయన వేసిందండి ఇది."

ఆవిడ చెయ్యి తీయలేదు.

"మిగతాదంతా ఆయనదే బాబూ. ఈ ఒక్క చోటూ నేను వేశాను" అన్నారు.