సూర్యకాంతమ్మ పెట్టిన గంజి

సూర్యకాంతమ్మకి గంజి పిచ్చి. హార్బరులో చేపలమ్ముకునే మనిషికి గంజి చీర దేనికే అని తోటి ఆడవాళ్ళు మేలమాడేవారు. "బుట్టలో సేపలు నలిగినా నలుగుతాయి గానీ నా సీర నలగదే," అనేది.

అలాంటి మనిషి మూడు రోజుల జ్వరానికి దాటిపోయింది. చుట్టాలు ఆమె బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేశారు. జ్వరం తగలక ముందు రోజు తన చేత్తో గంజిపెట్టి మడిచిన గంధం రంగు నూలు చీర ఒక్కటీ ట్రంకుపెట్టెలో మిగిలింది.

ఆ పైన భర్త ఎల్లాజీకి కంటిమీద కునుకు లేదు. చూసి ఊరుకోలేక కూతురు ఈశ్వరి ఒక ఉపాయం ఆలోచించింది. ఆ చీరతోనే తండ్రికి తలగడ గలేబు కుట్టించి, దానిమీద అమ్మ ఫొటో అచ్చు వేయించాలని. ఆయన బోటెక్కి వారం రోజుల వేటకి వెళ్ళగానే చీర పట్టుకుని పూర్ణా మార్కెట్టుకి పోయింది.

అక్కడ కప్పుల మీదా టీషర్టుల మీదా ఫొటోలు వేసే షబ్నం చీర తడిమి పెదవి విరిచింది.

"ఈ రంగులు నూలుకి అంటవమ్మా. ముందు గుడ్డకి మందు కొట్టాలి. మందు పట్టాలంటే గంజి వదిలిపోవాలి. లేకపోతే మిషను వేడికి మాడి పసుపెక్కిపోద్ది. పాలిస్టర్ గుడ్డయితే ఇప్పుడే వేసిచ్చేస్తాను."

"కాదక్కా, అమ్మ సీర మీదే కావాల. గంజి మొత్తం పోవాలేటి?"

"మొత్తం. వేన్నీళ్ళలో రెండుసార్లు ఉతకాలి."

"అది అమ్మ పెట్టిన గంజక్కా."

షబ్నం చీర మడత చెదరకుండా తిరిగి చేతికిచ్చింది. "మీ నాన్న వచ్చాక ఒకసారి అడుగు," అంది.

ప్రేమొక్కటే ఉంటే చాలదు, అడగడం కూడా తెలియాలి. ఈశ్వరి అడగలేదు. ముందే చెబితే సంబరం చప్పబడిపోదూ అనుకుంది. ఇంటికొచ్చి చీరని బకెట్టులో ముంచింది. పెళపెళలాడే గుడ్డ మెత్తబడి చేతికి అంటుకుపోయింది. నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా తిరిగాయి. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడ్చి, రెండోసారీ ఉతికింది.

బొమ్మ మాత్రం అద్భుతంగా వచ్చింది. షబ్నం నూగంతా రోలరుతో తీసి, చెమ్మ పోయేదాకా వేడి మిషను కింద నొక్కి, మందు కొట్టి ఆరబెట్టి, అప్పుడు అచ్చు వేసింది. సూర్యకాంతమ్మ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.

వేట నుంచి వచ్చిన ఎల్లాజీ తలగడ చూసి మురిసిపోయాడు. "మీయమ్మే," అన్నాడు. అంతలో అంచు వేళ్ళతో నలిపి చూశాడు.

"ఇది పెట్టెలో సీరేటి?"

"అవును నాన్నా."

"ఉతికేసినావా?"

"గంజుంటే బొమ్మ అంటదన్నారు."

ఆయన గలేబు మీద అరచెయ్యి ఆనించాడు. "ఏటకెళ్ళే ముందు పతీసారీ పెట్టె తీసి దానిమీద సెయ్యేసి ఎళ్తన్నానమ్మా. పెళపెళమనేది. ఎళ్ళిరా అన్నట్టుండేది."

"మళ్ళీ గంజెట్టేత్తాను నాన్నా, ఇప్పుడే అన్నం వండి..."

"అది నీ గంజవుద్ది తల్లీ."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఈశ్వరికి. ఆమె వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆయనే తలగడని ఒళ్ళో పెట్టుకుని, చాలా బాగుందనీ, మొహం అచ్చు అలాగే దిగిందనీ ఓదార్చాడు.

నాలుగో రోజు బోటు మళ్ళీ బయల్దేరింది. ఎల్లాజీ అలవాటు కొద్దీ పెట్టె ముందు వంగబోయి, ఆగి, తిన్నగా గడప దాటి వెళ్ళిపోయాడు.