ఒకటో నంబరు తాడు

రాతి దొరకు ముక్కు లేదు. ఎప్పుడో మతం గొడవల్లో ఎవరో సుత్తితో విరగ్గొట్టారు. ఆ గుంటలో పేరుకున్న దుమ్మును బాతు రెక్కతో దులిపి, తడిగుడ్డ పెట్టి తుడిచింది బెథియా రెన్నీ. సమాధి మీద పక్కనే పడుకున్న రాతి దొరసాని బొమ్మ వేళ్ల సందుల్లో నాచు పడుతుంది, దానికి మెత్తటి బ్రష్షు కావాలి. చర్చిలోని స్ట్రాథార్న్ దొరల సమాధుల గదిలో నలభై రెండేళ్లుగా ప్రతి శనివారం ఆమెకు ఇదే పని. మోకాళ్లు కాయలు కాశాయి. చాకలి సోడా నీళ్లకు వేళ్లు ఉబ్బిపోయి, తల్లి ఇచ్చిన ఉంగరం ఎక్కడం మానేసి ఇరవై ఏళ్లయింది. పెళ్లి చేసుకోలేదు. అడిగిన ఒక్కడూ తాగుబోతు.

గోడవారన బల్ల మీద అన్న నినియన్ కూర్చున్నాడు. డెబ్బై ఒకటి నిండాయి. యాభై ఏళ్లు ఈ చర్చి సమాధుల తోటలో గోతులు తవ్విన మనిషి, ఇప్పుడు పార ఎత్తితే ఆయాసం. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. వింటేగా! పొద్దున్నే ఓట్స్ జావ తాగి చెల్లెలి వెనకే వచ్చేశాడు. రాగానే అలవాటు ప్రకారం టోపీ తీసి, దొర కాళ్ల దగ్గర పడుకున్న రాతి కుక్క తలకు తగిలించాడు.

ఎస్టేటు మేనేజరు పిట్‌కెయిర్న్ తలుపులోంచి తొంగి చూశాడు.

"నినియన్! ఆ టోపీ తియ్యమని ఎన్నిసార్లు చెప్పాలి? అది దొరల సమాధి, చిలక్కొయ్య కాదు."

"కుక్కకి చలేస్తోందండీ," అన్నాడు నినియన్.

మేనేజరు గొణుక్కుంటూ పోయాడు. యాభై ఏళ్లలో ముగ్గురు మేనేజర్లు మారారు గానీ టోపీ చోటు మారలేదు.

బెథియా గుడ్డ పిండుతూ తిన్నగా అడిగేసింది. "అన్నా, నువ్వు పోతే నీ తల తాడు ఎవరు పట్టుకుంటారు?"

మా వైపు శవపేటికను ఎనిమిది తాళ్లతో దింపుతారు. తల దగ్గరిది ఒకటో నంబరు. అది పెద్దకొడుకుది, కొడుకు లేకపోతే దగ్గరి మగవాడిది. ఎవరికి ఏ నంబరో పెట్టె చేసిన వడ్రంగి చీటీలు పంచుతాడు. ఆడవాళ్లు ఇంట్లో ఉండి టీ కాచాలి. నినియన్‌కు భార్య పోయింది, పిల్లలు లేరు.

"నీ నోట మంచి మాట రాదేమే! ఇంకా ఉన్నాగా."

"ఉన్నావు కాబట్టే అడుగుతున్నా. పోయాక చెప్తావా?"

"ఎవడో ఒకడు పట్టుకుంటాడులే."

"ఎవడో ఎందుకు? నేను పట్టుకుంటా."

దగ్గు వచ్చేదాకా నవ్వాడు నినియన్. "ఆడదానివి. ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది."

"వేసుకోనీ. పదేళ్ల కిందట ముసలి దొర పోతే, కొడుకు గుర్రప్పందేలు వదిలి రాలేదు. అప్పుడు ఒకటో తాడు పట్టింది ఎవరు? నువ్వు కాదూ? దొర తలకి గోతులు తవ్వేవాడు పనికొచ్చాడు. గోతులు తవ్వేవాడి తలకి గచ్చు కడిగేది పనికిరాదా?"

నినియన్ రాతి దొరసాని కేసి చూశాడు. తర్వాత లేచి, నీళ్లు తోడే బకెట్టు తాడు చెల్లెలి చేతికిచ్చాడు.

"బిగించి పట్టుకోకు. చేతికి చుట్టుకోకు, చుట్టుకుంటే నిన్నూ లాక్కుపోతుంది. అరచేతుల్లోంచి జారనీ. కాళ్లకంటే ముందు తల దిగకూడదు, తెలిసిందా? ఇన్నేళ్లలో ఒక్కడి తలా వాలనివ్వలేదు నేను."

నిండు బకెట్టును సమాధి అరుగు మీంచి నేలకు దింపించాడు. మొదటిసారి సగం నీళ్లు గచ్చు పాలయ్యాయి. నాలుగోసారి చుక్క ఒలకలేదు.

"ఊఁ. పరవాలేదు," అన్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆ నోట ఆమె ఎన్నడూ వినలేదు. లోపల పొంగిపోయింది, పైకి మాత్రం ఒలికిన నీళ్లు తుడుస్తూ సణిగింది.

మధ్యాహ్నం కిటికీ ఎండ గచ్చు సగందాకా వచ్చింది. "రాత్రికి బార్లీ సూపు పెడతా. కాస్త క్యారెట్ వెయ్యనా?" అని అడిగింది. మళ్లీ అడిగి తిరిగి చూసింది. నినియన్ గోడకు తల ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. దగ్గరకెళ్లి చెంప తాకింది. ముందు ఆమెకు కోపం వచ్చింది, చెప్పాపెట్టకుండా పోయినందుకు. తర్వాత పక్కన కూర్చుని, ఆ చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చింది.

మంగళవారం ఖననం. ఎస్టేటు తరఫున గౌరవంగా ఉంటుందని ఒకటో నంబరు చీటీ మేనేజరుకు వెళ్లింది. మగవాళ్లు గోతి చుట్టూ నిలబడి తాళ్లు అందుకున్నాక, నల్లకోటు తొడుక్కుని బెథియా గేటు తీసుకుని లోపలికి వచ్చింది.

"బెథియా, నువ్వు ఇంటికి పో. టీ సంగతి చూసుకో," అన్నాడు పిట్‌కెయిర్న్.

"టీ కాచి, రేషను చక్కెర కూడా కలిపే వచ్చానండీ. ఆ తాడు ఇటివ్వండి."

"ఇది ఆచారం కాదు!"

"ముసలి దొరకి మా అన్న పట్టినప్పుడు మీరూ ఇక్కడే ఉన్నారు. ఆ రోజు ఆచారం ఎక్కడికి పోయింది?"

పాస్టరుగారు పుస్తకంలో తల దూర్చారు. మిగతావాళ్లు బూట్లు చూసుకున్నారు. పెట్టె చేసిన వడ్రంగి గిల్‌క్రిస్ట్ గొంతు సవరించుకున్నాడు.

"ఒకటో నంబరు, బెథియా రెన్నీ," అని చీటీ చూడకుండానే పిలిచాడు.

పిట్‌కెయిర్న్ ముఖం కందగడ్డ అయింది. అయినా తాడు వదిలాడు. బెథియా దాన్ని బిగించలేదు, చేతికి చుట్టుకోలేదు. అరచేతులు మండుతున్నా జారనిచ్చింది. తల వాలలేదు.

"నెమ్మదిగా, అన్నా," అంది అందరికీ వినపడేలా.

శనివారం ఆమె బకెట్టు, బాతు రెక్క పట్టుకుని సమాధుల గదికి వచ్చింది. వెనకే మేనేజరు.

"ఇప్పుడైనా ఆ టోపీ తీసెయ్."

"మీరే తియ్యండి."

అతను చెయ్యి చాపాడు. సగంలో ఆపి, వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. బెథియా దొరను తుడిచింది, దొరసానిని తుడిచింది, కుక్క వీపూ కాళ్లూ తుడిచింది. కుక్క తలకు అలాగే ఉంది పాత ఉన్ని టోపీ, అంచుకు ఇంకా కాస్త మట్టితో.