జాడీ దాటిన ఎండ

మా అత్తయ్య నోటికి దడిసి వంటగదిలో చెంచా కూడా చప్పుడు కాకుండా పెట్టిన కోడలిని నేను. అలాంటి మనిషి చలికాలం నుంచీ నోరు మెదపడం లేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా కిక్కురుమనకుండా తినేస్తున్నారు. ఆ తిట్లయినా నయం, ఈ మంచితనం నావల్ల కాలేదు.

చలికాలంలో ఒక పొద్దున మా హాల్లో నిప్పంటుకుంది. కిటికీ పక్క బల్లమీద మడతపెట్టిన బట్టలు, వెనక కర్టెను కాలిపోయాయి. అప్పుడు ఇంట్లో ఉన్నది అత్తయ్య, మా పాప. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బట్టల దొంతరకు ఇవతల ఇస్త్రీపెట్టె ఉంది. దాని స్విచ్ ఆపారో లేదో ఆవిడకు గుర్తు లేదు. అంతే, తనకు మతి పోతోందని ఆవిడే తీర్పు చెప్పేసుకున్నారు. పొయ్యి ముట్టరు, పాపను ఒళ్ళోకి తీసుకోరు, దానితో ఒంటరిగా ఉండమంటే వణికిపోతారు. చివరికి వృద్ధాశ్రమానికి తానే ఫోన్ చేసి గది మాట్లాడుకున్నారు. వచ్చే వారమే ప్రయాణం. నేనూ మా ఆయనా నెత్తీ నోరూ బాదుకున్నా ఒకటే మాట: "నావల్ల పిల్లకేమన్నా అయితే?"

నా పని కంప్యూటర్లో బొమ్మలు చెయ్యడం. అత్తరు సీసాలు, గ్లాసులు, ఇంకా తయారే కాని వస్తువులకు ఫోటోల్లాంటి బొమ్మలు. ఆ ఆదివారం పాప ఫోటోలు చూస్తుంటే, నిప్పుకు ముందురోజు తీసిన ఒకటి కనబడింది. వెనక బల్లమీద, కిటికీకీ బట్టల దొంతరకూ మధ్య గుండ్రటి గాజు జాడీ. నిండా నీళ్ళు, అందులో చిన్న తీగ మొక్క. మంటల్లో పగిలిపోయిన దాని సంగతి అందరం మరిచిపోయాం. నీళ్ళు నిండిన గుండ్రటి గాజంటే భూతద్దమేగా!

అలాంటి జాడీనే మళ్ళీ పెట్టి చూద్దామంటే ఇప్పుడు ఎండాకాలం. సూర్యుడు నడినెత్తికెక్కి ఎండ ఆ బల్ల దాకా రావడం లేదు. కంప్యూటర్లోనైతే ఆ పొద్దుటి సూర్యుణ్ణి తెచ్చి నిలబెట్టొచ్చు. కిటికీ, బల్ల, జాడీ అన్నీ కొలతల ప్రకారం కట్టి మీట నొక్కాను.

జాడీ నీడ పల్చగా, ముద్దుగా పడింది. ఎక్కడా ఎండ పోగుపడలేదు.

"వదిలెయ్యవే," అన్నాడు మా ఆయన నీరసంగా. "అమ్మకి లేనిపోని ఆశలు పెట్టకు."

వదిలేద్దామనే అనుకున్నాను. కానీ ఆ నీడ ఎక్కడో చూసినట్టుంది. చూడకేం, అత్తరు సీసాలకు నేను వేసే నీడే అది! మా పనిలో ఒక దొంగదారి ఉంది. గాజులో వెలుతురు ఎలా వంగుతుందో లెక్కగట్టడానికి కంప్యూటర్‌కు తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని వెలుతురు వంగకుండా గాజును తిన్నగా దాటిపోయిందనుకోమని చెప్పేస్తాం. నీడ లేతగా వస్తుంది, కస్టమరు మురిసిపోతాడు. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా అదే చేశాను.

"నా మొహం మండా!" అని అరిచి ఆ దొంగదారి మూసేశాను.

ఈసారి బొమ్మ మొదట ఇసుక చల్లినట్టు వచ్చింది. మెల్లమెల్లగా తేటపడింది. జాడీ వెనక, దొంతర అడుగున, మా ఆయన నల్ల ప్యాంటు మీద తెల్లగా ఒక చుక్క. చూడలేనంత తెలుపు. కాలిన బల్ల ఇంకా వరండాలోనే ఉంది. మా ఆయన టేపు పట్టుకుని పరుగెత్తాడు. చెక్క అన్నిటికన్నా లోతుగా కాలింది ఇస్త్రీపెట్టె వైపు కాదు, కిటికీ వైపే, సరిగ్గా ఆ చుక్క పడ్డచోటే.

అత్తయ్యను పిలిచి చూపించాను. ఆవిడ తెర మీదికి వంగి చూశారు.

"నిజం చెప్పమ్మా. నన్ను ఊరుకోబెట్టడానికి గీశావా? లేనివి ఉన్నట్టు చూపించడమేగా నీ ఉద్యోగం."

చురుక్కుమంది. మౌసు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "సూర్యుణ్ణి మీరే జరపండి, అత్తయ్యా."

పైకి జరిపారు. చుక్క జారిపోయింది. చలికాలపు పొద్దు దగ్గరికి దించారు. మళ్ళీ వచ్చి ప్యాంటు మీదే కూర్చుంది. పైకీ కిందికీ ఎన్నిసార్లు జరిపారో!

"అయితే నేను కాదా?" అని బావురుమన్నారు. నేనూ ఏడ్చాను. హమ్మయ్య, దేవుడా, ఎంత హాయిగా ఏడ్చానో!

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఇంతకీ ఆ జాడీ అక్కడ పెట్టిందెవరు?" అన్నారు.

ఇద్దరం మా ఆయన వైపు తిరిగాం.

"అందంగా ఉంటుందని..."

"ఏడిసినట్టుంది నీ అందం! ఎండలో గాజు పెడతారట్రా ఎవరైనా?"

ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. ఇంతలో లోపల పాప నిద్రలేచి ఏడుపు లంకించుకుంది. నేను లేవబోతే అత్తయ్య నా భుజం నొక్కి కూర్చోబెట్టారు. తనే వెళ్ళి దాన్ని చంకనెత్తుకుని వచ్చారు.

"పొద్దస్తమానం ఆ పెట్టె ముందే కూర్చుంటావు. ఇద్దరూ అలా బయటికి వెళ్ళి తిరిగి రండి," అన్నారు.

"మరి పాప?"

"నేను లేనూ?" అని గుమ్మందాకా తోలినంత పని చేశారు. "నిదానంగా రండి, తొందరేం లేదు."