రెండింటికి ఆగే ఏరేటర్లు

అప్పటికి నా చేతిలో ఉన్నవి తోటపల్లి గూడూరు దగ్గర నాలుగు గుంటలు, వాటిలో అరవై రోజుల రొయ్య, గట్టు మీది షెడ్డులో ఒక పాత కంప్యూటరు. ఈ గుంటల పాత ఆసామి జ్ఞానప్రకాశం గారు సాగు మానుకున్నప్పుడు ఆయన కంప్యూటరునూ, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల స్విచ్చు బోర్డునూ కలిపి కొన్నాను. ముత్తుకూరులో నా కొట్లో కూర్చునే ఏరేటర్లు వేయొచ్చు, ఆపొచ్చు. నడుస్తున్నదాన్ని కెలకడం నాకు ఇష్టముండదు. అందుకే అందులో ఆయన పాత సెట్టింగులేవీ తీయించలేదు.

వారం నుంచి ఏరేటర్లు మధ్యాహ్నం రెండింటికి వాటంతట అవే ఆగి, అరగంటకు మళ్లీ తిరుగుతున్నాయి. మా అమ్మాయి షమా షెడ్డులో కూర్చుని చూసింది.

"నాయనా, ఎవరో మన దాంట్లోకి వస్తా ఉండారు. కనెక్షన్ కోసేస్తే నిమిషానికి మళ్లీ అతుక్కుంటా ఉంది."

"పాస్‌వర్డు మార్చమ్మా."

"మూడుసార్లు మార్చినా. నీ పాత పాస్‌వర్డు నీ పేరే గదా, దొంగ అడగాల్సిన పని గూడా లేదు."

నెట్టు తీగ పీకితే కొట్లోంచి చూసుకోలేను. పీకకపోతే నా రొయ్యల ఊపిరి ఎవడి చేతిలో ఉందో తెలియదు.

మర్నాడు ముసురు పట్టింది. ఎండ లేని రోజు నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. రెండింటికి ఏరేటర్లు ఆగాయి. రెండున్నర దాటినా తిరగలేదు. రొయ్యలు పైకొచ్చి గట్టు వెంట మూగాయి. షమా వేసినకొద్దీ మరుక్షణమే ఆగిపోతున్నాయి.

"పీకెయ్!" అని అరిచాను.

తీగ పీకింది. నేను బోర్డు దగ్గర చేత్తో మీటలు వేశాను. మూడు గుంటలు తేరుకున్నాయి. రెండో గుంటలో రొయ్య అప్పటికే చచ్చి తేలింది.

షమా స్క్రీను నా వైపు తిప్పింది. "బయటోళ్లు రాలేదు నాయనా. మన కంప్యూటరే నిమిషానికోసారి ఇంకో కంప్యూటరును పిలస్తా ఉంది. ఇన్నాళ్లూ పలికేవాళ్లు లేరు, వారం నుంచి అది పలకతా ఉంది. ఈరోజు అక్కడ నొక్కిన ఆపు నొక్కినట్టే ఉంది, అందుకే మనం వేసినా నిలవలా. అవతలి దాని పేరు జీపీ హౌస్."

జ్ఞానప్రకాశం గారిల్లు! నేను మూడింటికి మేత చల్లుతాను. రెండింటికి చల్లేది ఆయన. మేత చెదరకుండా అరగంట ఏరేటర్లు ఆపేవాడు. తిట్టాలని ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తకపోయేసరికి బండి తీశాను. ఆపిన ఏరేటరును వేయడం మరిచే మనిషి కాదాయన.

ముత్తుకూరులో ఆయన తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కిటికీలోంచి చూస్తే స్క్రీను మీద నా గుంటల బొమ్మ, కింద ఆయన. కుర్చీ ఆయన మీద పడి ఉంది. తలుపు పగలగొట్టాం. ఒళ్లు చల్లగా ఉంది, ఊపిరి ఉంది.

షుగరు పడిపోయిందని నెల్లూరు ఆసుపత్రిలో చెప్పారు. రెండో రోజుకు మాట్లాడాడు.

"ఇంట్లో పాత కంప్యూటరు బాగు చేయిస్తే గుంటలు కనపడినాయి, దరియావలీ. మేత టైముకి చెయ్యి ఊరుకోలా. నువ్వూ రెండింటికే చల్లతావనుకుంటి."

"ఒక మాట చెప్పి ఆపచ్చు గదయ్యా!"

"చెప్తే ఆపనిస్తావా?"

ఇవ్వను. ఆ తీగ మొదటిరోజే పీకి ఉంటే నాలుగు గుంటలూ ఉండేవి, ఆయన ఉండేవాడు కాదు. పోయింది ఒక గుంట, మిగిలింది ఒక మనిషి. లాభమే.