మాడితేనే మర్యాద

నేను ఒక పెనాన్ని. ఆగండాగండి, దోసెల పిండి కోసం లేవకండి! నాది స్పెయిన్‌లోని వలెన్సియా. ఇనపరేకును అచ్చులో ఒక్క నొక్కు నొక్కితే పుట్టాను. రెండు చెవులు, వెడల్పాటి ముఖం, కడుపంటారా, లేనట్టే లెక్క. నా పేరు పయేయా. నాలో వండే అన్నాన్నీ పయేయా అనే అంటారు. కాలేది నేను, పేరు కొట్టేసేది అన్నం!

ఆదివారం మధ్యాహ్నం విసెంత్ తాత నన్ను నారింజ కట్టెల మంట మీదికి ఎక్కించేవాడు. కోడిమాంసం, చిక్కుళ్ళు, కుంకుమపువ్వు, బియ్యం. బియ్యం పడ్డాక గరిటె పెట్టకూడదు, మూత పెట్టకూడదు, సలహా అసలే పెట్టకూడదు. చివర్లో మంట పెంచితే అడుగున చిటపటమంటూ ఎర్రటి మాడు కడుతుంది. దాన్ని సొకర్రాట్ అంటారు. చెంచాలతో నా చుట్టూ చేరిన ఇంటిల్లిపాదీ ఆ మాడు కోసం ఒకరి మాడు ఒకరు పగలగొట్టుకునేంత పని చేసేవారు!

తాత మనవరాలు రెమెయి కాకినాడ రేవులో ఇంజనీరుగా చేరుతూ నన్నూ తెచ్చుకుంది. తాత ఒక షరతు పెట్టాడు: ఏడాదిలోగా సొకర్రాట్ కట్టిస్తే పెనం ఆమెది, లేకపోతే వాళ్ళ మావయ్యది. ఆ మావయ్య నాకు ముళ్ళు బిగించి గోడ గడియారం చేస్తాడట! నిప్పుల మీద బతికినదాన్ని నిమిషాలు లెక్కపెడుతూ చావాలా?

ఒక్కసారీ మాడు సరిగ్గా కుదరకుండానే గడువులో ఆఖరి ఆదివారం వచ్చింది. ఫోన్‌లో వీడియో కాల్, అందులో తాత. పక్కింటి నూకరత్నం, ఆవిడ భర్త పల్లంరాజు భోజనానికి వచ్చారు. అడుగున చిటపట మొదలైంది. నాకు ఒళ్ళంతా పులకింత! రెమెయి చెంచాలు తేవడానికి అటు వెళ్ళిందో లేదో, "అయ్యబాబోయ్, అడుగంటిపోతంది!" అంటూ నూకరత్నం నాలో చెంబెడు నీళ్ళు గుమ్మరించింది.

సుయ్‌మన్నాను. అయిపోయింది నా పని!

రెమెయి చేతిలోంచి చెంచాలు జారిపోయాయి. "అక్కా, నాకు ఆ మాడే కావాలి! తినడానికి!"

"మాడా? ఎవరు తింటారమ్మా, మీ ఇంట్లో ఆడాళ్ళా?"

"అందరూ! ముందు దానికోసమే కొట్టుకుంటారు."

నూకరత్నం కొంగు బిగించింది. "ముప్పయ్యేళ్ళ నుంచీ ఈయనకి పైనన్నం పెట్టి, అడుగుది నేను గోక్కుని తింటన్నాను. జరుగు, నే చూత్తాను!"

మంట పెంచింది. గుడ్డతో నా చెవులు రెండూ పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ, నీరు ఇగిరేదాకా తన చెవి నాకు అప్పగించింది. చప్పుడు మారగానే, "కట్టేయ్!" అంది. రెమెయి పొయ్యి ఆపేసింది. అన్నం కాస్త మెత్తబడింది కానీ, చెంచాతో గీకితే అడుగు కరకరలాడింది!

"ఎవరు మాడ్చారు?" అని తాత తన భాషలో అడిగాడు. 'నేనే అను తల్లీ!' అని లోపల్లోపల మొక్కుకున్నాను. రెమెయి నూకరత్నం వైపు ఫోన్ తిప్పింది. "ఈవిడ."

తాత ఇంకా ఏమీ అనకముందే పల్లంరాజు చెంచా దూర్చాడు. నూకరత్నం దానిమీద తన చెంచాతో ఠంగున కొట్టింది. "మీ వైపు మీరు తినండి! ఇది నాది!"

తాత పగలబడి నవ్వి ఏదో అన్నాడు. రెమెయి కళ్ళు తుడుచుకుంటూ దాన్ని తెలుగులో చెప్పింది: "మాడు కోసం కొట్టుకునే చోటే పెనం ఉండాలట!"

బతికిపోయాను!

నూకరత్నం మాడుచెక్కలో సగం విరిచి భర్త వైపు తోసింది. ఆయన నములుతూ, "ఇంత బాగుంటదని ఇన్నాళ్ళూ చెప్పలేదేంటే?" అన్నాడు.

"నువ్వేం తింటన్నావని మీరెప్పుడన్నా అడిగారా?"