అబ్రహాం ఒప్పుకున్న ఓటమి

నాగర్‌కర్నూల్ అర్హత పోటీల్లో ఉదయ్ కిరణ్ రెండో మ్యాచ్‌కే ఓడిపోయాడు. ఓడినవాడు స్టిక్ సంచిలో పెట్టుకుని ఇంటికి పోవాలి. స్నూకర్‌లో అంతకు మించిన న్యాయం లేదు. అయినా వారం తిరగకుండానే వనపర్తి నుంచి భానుప్రకాశ్ ఫోన్ చేసి, "తమ్మీ, నీకు వైల్డ్ కార్డ్ ఇస్తున్నం. మంచి అంగీ ఏస్కొని రా" అన్నాడు.

భానుప్రకాశ్‌కు వనపర్తిలో పెద్ద స్నూకర్ క్లబ్బు ఉంది. రాష్ట్రంలోని ప్రొఫెషనల్ ఆటగాళ్లందరినీ రప్పించి ఒక ఫంక్షన్ హాల్లో టోర్నీ పెడుతున్నాడు. వైల్డ్ కార్డులంటూ నలుగురిని తన ఇష్టం వచ్చినట్టు పిలుచుకునే హక్కు ఆయనకుంది. వాళ్లు అర్హత పోటీలు గెలవక్కర్లేదు, ర్యాంకు ఉండక్కర్లేదు, ఆయన మనసులో పడితే చాలు. ఉదయ్ ఆయన మనసులో పడింది ఆటతో కాదు, రీళ్లతో. కళ్లకు కండువా కట్టుకుని బంతులు పాకెట్‌లో వేసే ఈ రాజోలి కుర్రాణ్ణి ఫోన్లో చూడనివాడు ఆ చుట్టుపక్కల లేడు. అతని బొమ్మ ఫ్లెక్సీ మీద వేస్తే హాలు నిండుతుంది.

ఇంతవరకు మనకేం బాధ లేదు. పిలిచేవాడు పిలిచాడు, వెళ్లేవాడు వెళ్లాడు. మరి ఆ నలుగురికి చోటు ఎక్కణ్ణుంచి తెస్తారు? పెద్ద ర్యాంకుల వాళ్ల జోలికి ఎవరూ పోరు, వాళ్లు నేరుగా మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో ఉంటారు. అర్హత పోటీల్లో చెమటోడ్చి గెలిచి వచ్చినవాళ్లలోనే నలుగురి పేర్లు చీటీలు వేసి తీస్తారు. ఆ నలుగురూ మెయిన్ డ్రాలో అడుగు పెట్టడానికి ముందు వైల్డ్ కార్డుతో ఇంకో మ్యాచ్ ఆడాలి. అందులో ఓడిపోతే అంతకుముందు గెలిచినవన్నీ బూడిదలో పోసినట్టే. ఉన్నవాడి విస్తరి ముట్టుకోకుండా లేనివాడి విస్తరిలోంచే ముద్ద తీయడం ఈ లోకంలో కొత్తేమీ కాదు, ఇక్కడ దానికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టారు.

ఉదయ్‌కి ఎదురుగా తీసిన చీటీలో అబ్రహాం పేరు వచ్చింది.

అబ్రహాం ఉదయ్ అక్క స్వరూప భర్త. పడుచుతనంలో మేస్త్రి వెంట పుణె వెళ్లి, తాపీపనిలో ఒక క్లబ్బు కట్టి, ఆ క్లబ్బులోనే టేబుళ్లు తుడిచే పనికి కుదిరి, ఖాళీ దొరికినప్పుడల్లా ఆట నేర్చుకున్నాడు. ఊరికి వచ్చిన ప్రతిసారీ బామ్మర్దిని గద్వాల తీసుకువెళ్లి టేబుల్ ముందు నిలబెట్టాడు. తండ్రి లేని ఉదయ్‌కి స్టిక్ పట్టడం దగ్గర్నుంచి బావే నేర్పాడు.

ఇప్పుడతనికి నలభై దాటాయి. సిమెంటు మూట ఎత్తితే నడుము మాట వినడం లేదు. అతని ఆట చూసిన హైదరాబాదు క్లబ్బు వాళ్లు ఒక మాటిచ్చారు. ఈ టోర్నీ మెయిన్ డ్రాలో అబ్రహాం పేరుంటే కోచ్‌గా పెట్టుకుంటారు, ఉండటానికి క్లబ్బు పైన గది ఇస్తారు. అక్కడ గెలిచినా ఓడినా సరే, పేరుండాలి. పేరు లేకపోతే మళ్లీ పుణె, మళ్లీ సిమెంటు. అందుకే నాగర్‌కర్నూల్‌లో ప్రాణం పెట్టి ఆడి అన్ని మ్యాచ్‌లూ గెలిచాడు.

చీటీ సంగతి తెలియగానే ఉదయ్ పరుగున వెళ్లి భానుప్రకాశ్ ముందు నిలబడ్డాడు.

"సార్, నేను తప్పుకుంట. మా బావను డైరెక్టుగ లోపలికి పోనీయిరి."

"నువ్వు తప్పుకుంటే నీ జాగల ఇంకొకన్ని దెస్త. వాడు మీ బావను సూసి జాలి పడ్తడా?" అన్నాడు భానుప్రకాశ్. అతను దుర్మార్గుడేం కాదు. హాలు నింపుకోవాలి, తెచ్చిన టేబుళ్లకు కిరాయి కట్టుకోవాలి. "రూలు గదే తమ్మీ. నేనేం కొత్తగ పెట్టలే. జర పరేషాన్ గాకు."

అబ్రహాం మాత్రం ఒక్క మాటే అన్నాడు. "నీ ఆట నువ్వాడురా. నా ఆట నేనాడ్త."

ఉదయ్ అలాగే ఆడాడు. మధ్యాహ్నం దాకా నిజంగానే ఆడాడు. హాలు కిటకిటలాడింది. అతను బంతి వేసినప్పుడల్లా కుర్రాళ్లు ఈలలు వేశారు. అబ్రహాం వేస్తే ఎవరో ఒకరిద్దరు మర్యాదకు చప్పట్లు కొట్టారు. ఐదు ఫ్రేముల మ్యాచ్ చెరి రెండు ఫ్రేములతో చివరిదాకా వచ్చింది. ఆ చివరి ఫ్రేములో ఎర్రబంతులన్నీ అయిపోయి బల్ల మీద బ్లూ, పింక్, బ్లాక్ మాత్రమే మిగిలాయి. పాయింట్లలో అబ్రహాం ముందున్నాడు గానీ వంతు ఉదయ్‌ది. బ్లూ, పింక్ వేస్తే అతనే గెలుస్తాడు. బ్లూ మధ్య పాకెట్‌కు ఎదురుగా, ఎవరైనా వేయగలిగేంత సులువుగా ఉంది.

స్టిక్ గురిపెట్టి ఉదయ్ తల ఎత్తాడు. ముందు వరుసలో పెద్ద ర్యాంకుల వాళ్లు చాయ్ తాగుతూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వాళ్లెవరూ ఈ మ్యాచ్ ఆడలేదు, ఆడరు కూడా. అవతల కుర్చీలో బావ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతుల మీద సున్నం తిన్న మచ్చలు తెల్లగా ఉన్నాయి. ఓడిపోయినవాణ్ణి తెచ్చి గెలిచినవాడి దారికి అడ్డంగా నిలబెట్టారు. ఆ అడ్డం తానే. తాను తప్పుకుంటే పోతుంది కదా అనుకున్నాడు.

కొట్టాడు. బ్లూ పాకెట్ అంచుకు తగిలి అక్కడే ఆగిపోయింది. హాలంతా అయ్యో అంది. ఉదయ్ తల కొట్టుకున్నట్టు నటించి కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాడు. ఇంక బావ దాన్ని తోస్తే చాలు, ఫ్రేము దాదాపు అతనిదే.

అబ్రహాం లేచాడు. బల్ల దగ్గరకు వచ్చాడు గానీ బంతి వంక చూడలేదు. ఉదయ్ వంక చూశాడు. అలా చూసి చూసి, స్టిక్ తీసి బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టాడు.

"ఒప్పుకుంటున్న సార్, ఓడిన" అన్నాడు రెఫరీతో.

ముందున్నవాడు ఓటమి ఒప్పుకోవడమేమిటని రెఫరీ తెల్లబోయి మళ్లీ అడిగాడు. అబ్రహాం మళ్లీ అదే చెప్పాడు. స్నూకర్‌లో వంతు ఉన్నవాడే ఓటమి ఒప్పుకోగలడు, కాదనే హక్కు ఎదుటి ఆటగాడికి ఒక్కడికే ఉంటుంది. ఉదయ్ కుర్చీలోంచి లేచి కాదనేలోపే బావ వచ్చి చెయ్యి కలిపాడు. ఈలలతో హాలు దద్దరిల్లింది.

హాలు వెనక, వంటగిన్నెలు కడిగే చోట ఉదయ్ బావను అందుకున్నాడు.

"ఎందుకు జేసినవ్ బావా? బ్లూ పాకెట్ మీదనే ఉండె గద!"

"ఆడ ఉంచింది నువ్వు."

"చెయ్యి జారింది."

"నీ మోచెయ్యి నేను దిద్దిన ఉదయ్. గది అబద్ధమాడితే నాకు తెల్వదా?"

ఉదయ్ తల దించుకున్నాడు. తర్వాత ఉక్రోషంగా అన్నాడు. "నీకు అన్యాయమైంది బావా. నాతోనే అయింది. నేనే సక్కగ జేద్దామనుకున్న."

"వాళ్లు నీకు బిచ్చమేసిన్రు. నువ్వు తెచ్చి నాకేస్తివి" అన్నాడు అబ్రహాం. గొంతు పెంచలేదు. "నాగర్‌కర్నూల్ల గెల్సొచ్చినోన్ని నేను. ఇయ్యాల నీ మీద గెల్సెటోన్నో ఓడెటోన్నో. గది తెల్సుకునే మోకా గూడ నాకు లేకుంట జేసినవ్ గదరా."

"మరి హైదరాబాద్?"

"ఆడికి పోయి పిల్లలకు ఏం నేర్పాలె? బామ్మర్ది ఇడిసిపెడ్తే గెల్సినోన్నని జెప్పాల్నా?"

"ఈ పౌరుషం మా అక్కకు కూడు పెడ్తదా బావా?"

అనకూడని మాట అనేశాడు. అబ్రహాం ముఖం ఒక్కసారిగా వాడిపోయింది.

"పెట్టది" అన్నాడు. స్టిక్ సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. బస్టాండ్ దాకా ఆటో ఎక్కుతాడేమోనని ఉదయ్ చూశాడు. ఎక్కకుండా ఎండలోనే వెళ్లిపోయాడు.

భానుప్రకాశ్ వచ్చి ఉదయ్ వీపు తట్టాడు. తర్వాతి మ్యాచ్ ఒక పెద్ద ర్యాంకు అతనితోనట. జనం ఎవరూ కదలలేదట, అంతా అతని కోసమేనట. జరిగిందంతా చెప్పేద్దామని ఉదయ్ నోరు తెరిచాడు. చెప్తే ఏమవుతుంది? తనను పంపేస్తారు. ఒప్పుకున్న ఓటమి వెనక్కి రాదు కాబట్టి బావ పేరు మాత్రం ఎక్కదు. ఆ పెద్ద ర్యాంకు అతనికి ఆడకుండానే ఒక గెలుపు కలిసొస్తుంది. ఉదయ్ నోరు మూసుకున్నాడు.

ఫోన్ మోగింది. రాజోలి నుంచి స్వరూప.

"ఏందిరా, మీ బావ ఫోన్ ఎత్తుతలేడు. అయిపోయిందా?"

"అయిపోయింది అక్కా."

"ఎవరు గెల్సిన్రు?"

"నేను."

తమ్ముడు గెలిస్తే అక్క సంతోషపడాలి. స్వరూప ప్రయత్నించింది పాపం.

"మంచిదిరా. చిన్నప్పటి నుంచి కష్టపడ్డవ్" అంది. ముక్కు ఎగబీల్చిన శబ్దం వినిపించింది. "ఆయనను ఏం అనకు. బువ్వ తిన్నడో లేదో అడుగు. మేం పుణె పోతే మా బిడ్డ ప్రేమలతను మీ కాడనే ఇడిసిపోతం. పోయినసారి పిల్ల మేం యాదికొచ్చి బువ్వ ముట్టక సగమైంది. జర నువ్వు దగ్గరుండి తినిపియ్యాలె తమ్ముడా."

"తినిపిస్త అక్కా" అన్నాడు ఉదయ్.

లోపల మైకులో అతని పేరు పిలుస్తున్నారు. అతను కళ్లు తుడుచుకుని హాల్లోకి వెళ్లాడు.