ఫెర్మీన్ చూడనివ్వని ఇంజన్

హవానాలో పాత కారును మెకానిక్ దగ్గర వదిలేసి ఎవడైనా ఇంటికొచ్చాడంటే, ఆ మెకానిక్ మీద కన్నతల్లి మీదున్నంత నమ్మకమైనా ఉండాలి, లేదా బుర్రయినా లేకపోవాలి. మిగతావాళ్లంతా కుర్చీ వేసుకుని బండి పక్కనే కూర్చుంటారు. బానెట్ ఎత్తినప్పటి నుంచి దించేదాకా కదలరు. ఒంటికి వెళ్లాలన్నా పెళ్లాన్ని కాపలా పెట్టి వెళతారు. బండికి పుట్టుకతో వచ్చిన అమెరికా సామాను ఒక్కసారి చెయ్యి మారితే మళ్లీ కంటపడదు మరి.

మా ఆయన ఎలాదియో మాత్రం ఏనాడూ కుర్చీ వేసుకోలేదు. మా యాభై ఒకటో మోడల్ షెవర్లేని చూసేది ఫెర్మీన్. పోయిన మా మామగారికి ప్రాణస్నేహితుడు, మా అమ్మాయి జ్ఞానస్నానంలో తండ్రి స్థానంలో నిలబడ్డవాడు. మా ఆయన అతన్ని బాబాయ్ అంటాడు. ఆ బండిలో ఏ తీగ ఎక్కడికి పోతుందో ఫెర్మీన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. అతను లేకపోతే అది కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు.

డామినో ఆడేచోట మా ఆయనకి ఒకటే పాట. మా నాన్న ఇచ్చిన బండి, ఇంజన్‌తో సహా అంతా ఒరిజినల్ అని. జపాన్ వ్యాన్ల డీజిల్ ఇంజన్లు పెట్టించుకున్నవాళ్ల కార్లను, ఎవరిదో గుండె తగిలించుకుని తిరిగే శవాలనేవాడు. అవతలివాళ్లు నవ్వేవాళ్లు కానీ, లోపల కుళ్లుకునేవాళ్లు. నాకూ ఆ గొప్ప బాగానే ఉండేది.

ఈ ఏడు పాతకార్ల సంఘంవాళ్లు సముద్రపు ఒడ్డున కట్టిన గోడ పక్కన ఊరేగింపు పెట్టారు. ఇంజన్ మీది నంబరు, బండి కార్డు మీది నంబరు ఒకటైతేనే ముందు వరస. మా ఆయన ఎగిరి గంతేసి పేరిచ్చి, అదే ఊపులో ఫెర్మీన్ దగ్గరికెళ్లి చెప్పాడు. అతను చేతిలో ఉన్న ప్లగ్గును తుడిచిందే తుడిచి, ఎండలో ఆ ఊరేగింపులెందుకురా, పేరు వెనక్కి తీసుకో అన్నాడట.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే నా నోరు ఊరుకోలేదు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది," అన్నాను. అన్నాక వెనక్కి తీసుకుందామనుకున్నా, అప్పటికే అది ఆయన చెవిలో గూడు కట్టేసింది.

ఇక తవ్వకం మొదలైంది. ఇంజన్ విప్పిన ప్రతిసారీ ఫెర్మీన్ ఈయన్ని ఎక్కడికో అక్కడికి తోలేవాడు. ఓసారి కాఫీకి, ఓసారి గ్వానబకోవాలో ఉన్న వాళ్లక్క దగ్గరికి ఒక్క బోల్టు కోసం. ఆ బోల్టు తెచ్చేసరికి పూట గడిచిపోయేది, ఇంజన్ బిగించేసి ఉండేది. ఇన్నేళ్లలో విప్పిన ఇంజన్ను తన కళ్లతో చూడనేలేదని మా ఆయనకి అప్పుడు తట్టింది. లుయానోలో ఎవరి బండిలోనో అసలు సామాన్లన్నీ ఒక్కొక్కటే మాయమయ్యాయన్న కబురు కూడా అప్పుడే వచ్చింది. ఫెర్మీన్ ఇంటికి కొత్త పైకప్పు పడింది కదా, అది ఎక్కణ్నుంచి వచ్చిందని నేను మరో పుల్ల వేశాను. కూతురు పంపిందని ఫెర్మీన్ ఎప్పుడో చెప్పాడు. కూతుళ్లు పంపుతారు, కాదనను. కానీ అనుమానం పట్టినవాడికి ఏ జవాబు ఆనుతుంది?

శనివారం పొద్దున బండి తీసుకుపోతూ మా ఆయన వెనక సీట్లో వంటింటి కుర్చీ పెట్టాడు. ఫెర్మీన్ వాకిట్లో దాన్ని దించుతుంటే వీధి వీధంతా చూసింది. మా వీధిలో ఆ కుర్చీకి అర్థం ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఫెర్మీన్ కుర్చీ వైపు చూశాడు, ఈయన వైపు చూశాడు. "అక్కడ ఎండ పడుతుంది. ఇటు జరుపుకో," అన్నాడు, అంతే.

ఆ రోజు రేడియేటర్ కడిగాడు, గొట్టం మార్చాడు, బానెట్ దించేశాడు. ఇంజన్ జోలికే పోలేదు. మర్నాడూ అదే తంతు. తను కూర్చుని చూస్తున్నందుకే ఫెర్మీన్ విప్పలేకపోతున్నాడని మా ఆయన తేల్చేశాడు. నాకూ అలాగే అనిపించింది.

చివరికి ఆయనే ఇంట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ పక్కన నంబరు ఉండేచోట పట్టిన రంగునంతా ఇనుప బ్రష్‌తో గీకాడు. నేను కార్డు పట్టుకుని నంబరు చదివాను. మొదటి అక్షరం దగ్గరే ఆయన చెయ్యి ఆగిపోయింది. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. అది మా నంబరు కాదు. మా ఆయన బ్రష్ పారేసి మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కంచే చేను మేసిందని, ఆ ముసలాడి మొహం మీదే అడుగుదాం పదమని నేనే లేవదీశాను.

మేం వెళ్లేసరికి ఫెర్మీన్ అన్నం, నల్ల చిక్కుడు గింజల పులుసు తింటున్నాడు. లేవలేదు.

"మా నాన్న ఇంజన్ ఎవరికమ్మావు బాబాయ్?" అన్నాడు మా ఆయన.

ఫెర్మీన్ చెంచా కింద పెట్టాడు.

"నేనమ్మలేదు. మీ నాన్నే ఇచ్చాడు. కరువు రోజుల్లో నీ చూపు మందగించింది, గుర్తుందా? తిండి లేక వచ్చిన రోగం, పాలూ మాంసం పెట్టండని డాక్టరు చెప్పి చేతులు దులుపుకున్నాడు. ఎక్కడున్నాయిరా పాలు? గ్వీనెస్ ఊరి అవతల ఒక రైతు నీళ్లు తోడుకోవడానికి ఇంజన్ కోసం చూస్తున్నాడు. నీకు పగలో రాత్రో తెలియని ఆ రోజుల్లో, ఒక రాత్రి నేనే విప్పి ఇచ్చాను. ఏడాది పొడుగునా వాడు పాలూ గుడ్లూ పంపాడు. ఇప్పుడు నీ బండిలో ఉన్నది తుక్కులో పారేసిన లారీ ఇంజన్. పిస్టన్లు ట్రాక్టరువి, వాల్వులు రష్యా బండివి."



"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు మా ఆయన.

"వాడికి తెలిస్తే బండెక్కిన ప్రతిసారీ బాధపడతాడ్రా, చెప్పకు అని మీ నాన్న ఒట్టేయించుకున్నాడు. విప్పితే నీకు తెలిసిపోతుందని నిన్ను బోల్టులకి తిప్పాను." అతను కంచం పక్కకి నెట్టాడు. "ఆ పాలతో వచ్చిన కళ్లేరా అవి. వాటితోనే నన్ను కాపలా కాశావు. పో, ఇంకో మెకానిక్కుని చూసుకో."

ఇంటికి తిరిగొచ్చాం. నాకు సిగ్గేసింది. పైకప్పు మాట అన్నది నేనే కదా.

ఊరేగింపు తనిఖీకి వెళ్లొద్దనుకున్నాను. మా ఆయన వెళ్లాడు. డామినో జట్టంతా అక్కడే ఉంది. సంఘం మనిషి పెన్ను తీసి, ఇంజన్ ఒరిజినలేనా అని అడిగాడు.

"కాదు. ఒరిజినల్ ఇంజన్ నేనే తాగేశాను. పాలు కలుపుకుని," అన్నాడు మా ఆయన.

వాళ్లు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. అందరూ వినేలా మొత్తం చెప్పాడు. కళ్ల సంగతి, పాల సంగతి, లారీ ఇంజన్ సంగతి. ఫెర్మీన్ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న సంగతి కూడా దాచలేదు. అప్పటికి నవ్వులు ఆగాయి. ముందు వరస నుంచి మా పేరు కొట్టేశారు. తిరిగొచ్చే దారిలో బండి రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారి ఇంటి ముందు ఆగి ఇక కదల్లేదు.

సాయంత్రం నేనొక్కదాన్నే ఫెర్మీన్ ఇంటికెళ్లాను. క్షమించమని అడగడానికి నోరు రాక, తనిఖీలో జరిగిందంతా చెప్పాను. అతను గడపలో కూర్చుని వింటూనే ఉన్నాడు.

"వాడే చెప్పాడా, అందరి ముందూ?"

"అందరి ముందూ."

లేచి లోపలికెళ్లాడు. ఇక రాడేమో అనుకున్నాను. చాలాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రేపు పొద్దున తోసుకు రండి. కానీ వాడు నా గడప తొక్కడానికి వీల్లేదు. స్టీరింగ్ నువ్వే పట్టుకుని తీసుకురా అమ్మాయ్."

నాకు స్టీరింగ్ పట్టుకోవడం రాదు. ఆ సంగతీ, ఇంట్లో అది వచ్చింది ఎవరికో కూడా ఫెర్మీన్‌కి బాగా తెలుసు.